పరీక్ష లేని వాకిలి

(బాలల చిత్రకళాశాల నిర్వహణమును గూర్చి గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు మూయక నడచుట చిన్న సంగతి కాదు. వానకు తడిసిన పుస్తకములను ఎండబెట్టినవారు, చందాలకై ఇల్లిల్లు తిరిగినవారు, సాయంకాలము దీపము వెలిగించి పత్రికలు సర్దినవారు, ఇట్టివారి ఓర్పు చేతనే ఏ గ్రంథాలయమైనను రజతోత్సవము చూడగలుగును. ఆ యోర్పు వెనుక ఒక ధర్మము కూడ కలదు. గ్రంథాలయమునకు వచ్చినవానిని వాకిట నిలిపి, నీవెంతవరకు చదివితివి, ఈ పుస్తకము నీకు అర్థమగునా, దీనిని చదివి నీవేమి కాగలవు అని అడుగు ఆచారము లేదు. అక్షరము రాని ముదుసలి అరుగుపై కూర్చుండి, ఇంకొకరు చదువగా పత్రిక విని పోవును. బొమ్మల కొరకే వచ్చిన పసివాడు బొమ్మలు చూచి పోవును. ఎవరికి కావలసినంత వారు తీసికొందురు. గ్రంథాలయపు వాకిట పరీక్ష లేదు.

తెలుగునాట గ్రంథాలయోద్యమము పుట్టిననాటి నుండియు ఈ ధర్మము దానిని అంటియే యున్నది. 1914వ సంవత్సరమున అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలగువారి పూనికతో బెజవాడలో జరిగిన ప్రథమ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. వారికి చిన్ననాటి నుండియు చూపు చాలదు. రానురాను అది పూర్తిగా పోయెను. లోకము వారిని ఆంధ్ర మిల్టను అని పిలిచెను. చూపు చాలని మనుష్యుడు పుస్తకశాలల సభకు పెద్దగా కూర్చుండుట ఆనాడెవరికిని వింతగా తోచలేదు. అంటరానివారని దూరముంచబడిన పిల్లల కొరకు రాజమహేంద్రవరమున పాఠశాల నడపినవారును వారే. అటుపిమ్మట 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువమీద పడవలో గ్రంథాలయము నడపిరి. పుస్తకము వద్దకు రాలేనివారి రేవునకు పుస్తకమే పోయెను.

ఈ ధర్మమునే ఇంకొక వాకిటికి అన్వయించి చూచుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము. అది బాలబాలికలును, యౌవనమున అడుగిడుచున్నవారును బొమ్మలు వేయుటకును, మట్టితో రూపములు చేయుటకును చేరు చిత్రకళాశాల వాకిలి. అట్టి శాలను, ఏ బిడ్డను వెనుకకు పంపకుండ, అందరిని కలుపుకొని నడపుట సాధ్యమా? సాధ్యమైనచో ఎట్లు? మాట గాలిలో తేలిపోకుండుటకై ఒక చోటును కన్నులముందు ఉంచుకొనుట మేలు. ఆ చోటు సికింద్రాబాదులోని రాంగోపాల్‌పేట.

ఈ సభలోని వారిలో పలువురు ఏదో ఒక పనిమీద ఆ పేట మీదుగా నడచియే యుందురు. దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరుమీద ఆ పేటకు ఆ పేరు వచ్చెను. పూర్వము జేమ్స్ వీధి యనబడి, ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డుగా పిలువబడు బాటమీద గడియారము గల పాత ఠాణా భవనము ఆయన జ్ఞాపకముగా నిలిచియున్నది. ఒకవైపు రాణీగంజ్ ఇనుప సామానుల దుకాణములు, యంత్రభాగముల కొట్లు. మరియొకవైపు జనరల్ బజార్ బట్టల అంగళ్ళు. దాపుననే ఉజ్జయినీ మహంకాళి గుడి. ఆ సందులలో తెలుగు, ఉర్దూ, మార్వాడీ, గుజరాతీ, తమిళము ఒకే పూట చెవిని పడును. దుకాణదారుని బిడ్డలును, మూటలు మోయు కూలివాని బిడ్డలును, పొరుగు రాష్ట్రముల నుండి పనికి వచ్చినవారి బిడ్డలును ఆ యొక్క సందులోనే ఆడుకొందురు.

ఆ సందులో ఆటకు రాని పిల్లలు కూడ కొందరుందురు. నడువలేని బిడ్డ మేడమీది కిటికీ వద్ద ఉండును. వినికిడి లేని బిడ్డ ఆటల నియమములు తెలియక గోడ ప్రక్కన నిలుచుండును. నలుగురిలో చేరిన తోడనే చెవులు మూసికొని కేకలు వేయు బిడ్డను తల్లి ఇంటిలోనే ఉంచుకొనును. సికింద్రాబాదు బోయినపల్లిలో, మనోవికాస నగరమున, మేధోపరమైన వైకల్యము గలవారి కొరకు 1984లో వెలసిన జాతీయ సంస్థ కలదు. దూరపు పల్లెల నుండి తల్లిదండ్రులు బిడ్డలను చంకనెత్తుకొని, రైలు దిగి, ఆ సంస్థకు పోవుదురు. అచ్చట పరీక్షలు చేయుదురు, శిక్షణ చెప్పుదురు. కాని ఆ బిడ్డ తిరిగి తన వీధికి వచ్చిన పిమ్మట, సాయంకాలము నాలుగు గంటలకు ఎచ్చటికి పోవును? ఏ పిల్లల నడుమ కూర్చుండును? ఈ ప్రశ్నకు వైద్యశాల జవాబు చెప్పజాలదు. ఆ వీధియే చెప్పవలెను.

చిత్రకళ ఈ పనికి తగినదని చెప్పుటకు గట్టి కారణము కలదు. గణితపు తరగతిలో అందరును ఒకే లెక్కను ఒకే గడువులో చేయవలెను; ఒకని జవాబు వేరైనచో అది తప్పు. పరుగు పందెములో వెనుకబడినవాడు ఓడినవాడే. బొమ్మలు వేయు తరగతిలో ముప్పది మంది కూర్చుండి చెట్టును వేసినచో ముప్పది చెట్లు వచ్చును. అవి వేరువేరుగా ఉండుటయే అందము. ఒకడు గంటలో ఆకులన్నియు వేయును; ఇంకొకడు ఒక కొమ్మ మాత్రమే గీయును; వేరొకతె ఆకుపచ్చ రంగును కాగితమంతయు పులిమి సంతోషించును. ఎవరి కాగితము వారిది. ఒకరి నెమ్మది ఇంకొకరి పనిని ఆపదు. వేరువేరు శక్తులు గల పిల్లలు ఒకే కప్పు క్రింద, ఒకే పనిలో, ఎవరును ఓడకుండ కూర్చుండగల తరగతి ఇంతకంటె సులభమైనది దొరకదు.

తెలుగుదేశమున చిత్రకళ నేర్పు శాలలకు మంచి చరిత్ర కలదు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు చిత్రకళయందు అభిరుచి గల విద్యార్థులను చేరదీసెను. వారిలో దామెర్ల రామారావుగారు బొంబాయి వెళ్ళి జె.జె. కళాశాలలో నేర్చి, తిరిగి స్వస్థలమున చిత్రకళాశాలను నెలకొల్పిరి. వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టిరి. స్త్రీలు ఇల్లు దాటుటయే అరుదైన కాలములో ఇది గొప్ప సంగతి. 1925లో, తమ 28వ ఏట, మశూచి సోకి రామారావుగారు మరణించిరి. వారి మిత్రులును శిష్యులును ఆ శాలను నిలిపిరి. బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలయందు ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు చిత్రకళ బోధించెను. అడివి బాపిరాజుగారు ఆ కళాశాలకు అధ్యక్షులుగా పనిచేసిరి. హైదరాబాదులో 1940లో ప్రభుత్వ చిత్రకళాశాల ఏర్పడెను. ఈ శాలలు చిత్రకారులను తయారు చేయుటకై పుట్టినవి. కనుక వానికి ఎంపిక అవసరమైనది. అది తప్పు కాదు.

పిల్లల చిత్రకళ అను భావము వేరు. వియన్నా నగరమున ఫ్రాంజ్ సిజెక్ అను ఆచార్యుడు 1897లో బాలల కొరకు తరగతి తెరచి, పెద్దల బొమ్మలకు నకళ్ళు వ్రాయించుట మాని, పిల్లలను తమ మనసునకు తోచినట్లు వేయనిచ్చెను. సేవాగ్రామమున గాంధీ మహాత్ముని నయీ తాలీము పాఠశాలలో దేవీప్రసాద్ గారు పిల్లల చిత్రకళను చదువులో భాగముగా నేర్పిరి. ఢిల్లీలో 1956లో జాతీయ బాలభవనము, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో 1966లో జవహర్ బాలభవనము వెలసినవి. చిత్రకారుడు కాబోవు బిడ్డకు మాత్రమే కాక, బిడ్డయైన ప్రతివానికిని రంగులయందు హక్కు కలదని ఈ ప్రయత్నములు చాటినవి. ఇక మిగిలినది ప్రతి బిడ్డ అను మాటలోని ప్రతి అను పదమును పూర్తిగా నెరవేర్చుట.

ఇచ్చట ఒక కథ చెప్పుట సమంజసము. వినోదబిహారీ ముఖర్జీ 1904లో జన్మించెను. పుట్టుక నుండియు ఒక కన్ను కనబడదు. రెండవ కంటి చూపు కడు మందము. 1919లో శాంతినికేతనమున కళాభవనము తెరవబడినప్పుడు ఆ కుర్రవాడు అందు చేరెను. సరిగా చూడలేనివాడు చిత్రకారుడెట్లగునని గురువైన నందలాల్ బోసు సంశయించెను. ఆ సంగతి రవీంద్రుని వద్దకు పోగా, కుర్రవాడు క్రమముగా కూర్చుండి శ్రద్ధతో పనిచేయుచున్నాడా అని మాత్రమే ఆయన విచారించి, చేయుచున్నచో అతనిని అతని దారిని పోనిమ్మని చెప్పినట్లు ప్రసిద్ధి. ఆ కుర్రవాడే పిమ్మట అచ్చటనే ఉపాధ్యాయుడయ్యెను. 1946–47 నాటికి శాంతినికేతనపు హిందీభవనము గోడలపై మధ్యయుగపు సాధుసంతుల జీవితమును చిత్రించెను. ఈ దేశపు ఆధునిక కుడ్యచిత్రములలో అది మేటి యని విజ్ఞులందురు. అటుపై 1950వ దశకములో, కంటికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, ఉన్న చూపును పూర్తిగా పోయెను. ఆయన కాగితములను తడిమి కత్తిరించి అంటించెను. మైనముతో చిన్న చిన్న రూపములు చేసెను. 1972లో పింగాణీ పలకలతో గోడచిత్రము కూర్చెను. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ ఆ సంవత్సరమే ఆయనపై ఒక చలనచిత్రము తీసెను.

సతీష్ గుజ్రాల్ కథయు ఇట్టిదే. ఎనిమిదవ ఏట వినికిడి పోయెను. పాఠశాలలు చేర్చుకొనుటకు జంకినవి. లాహోరులోని మేయో కళాశాల చేర్చుకొనెను. ఆయన చిత్రకారుడు, శిల్పి, గృహనిర్మాణ శిల్పి కూడ అయి, 2020లో దివంగతుడయ్యెను.

అయితే ఈ కథలను జాగ్రత్తగా చెప్పవలెను. వైకల్యము గల బిడ్డలందరును వినోదబిహారులు కారు, కానవసరము లేదు. చూపున్న పిల్లలందరును రవివర్మలు కానట్లే ఇదియును. రేపు గొప్పవాడగునని ఆశ చూపి ఈనాడు లోనికి రానిచ్చుట కూడ ఒక విధమైన పరీక్షయే. శాంతినికేతనమున ఆ కుర్రవానికి చోటు దొరకిన నాడు అతడేమగునో ఎవరికిని తెలియదు. తెలియకయే చోటిచ్చిరి. ఆ కథలోని పాఠము అది.

చట్టము కూడ ఈ దారినే నడచుచున్నది. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆ సంఖ్యను 21కి పెంచెను. 6 ఏండ్ల నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య, తోటి పిల్లలతో కలిసి చదువుకొను అవకాశము అందు చెప్పబడినవి. కళలును, వినోదమును వారికి అందుబాటులో ఉండవలెనని కూడ ఆ చట్టము చెప్పుచున్నది. చట్టము తలుపును తెరపించగలదు. లోన కూర్చుండుటకు పీట వేయవలసినవారు మాత్రము మనుష్యులే.

ఇక నిర్వహణము. అన్నింటికంటె ముందు వాకిట అడుగు ప్రశ్న మారవలెను. ఈ బిడ్డ ఇచ్చట ఇముడునా అని అడిగినచో, కాదనుటకు పది కారణములు దొరకును. ఈ బిడ్డ ఎంతసేపు కూర్చుండగలడు, ఎవరు తోడుండిన నెమ్మదిగా ఉండును, దేనికి భయపడును, దేనికి నవ్వును అని తల్లిని అడుగవలెను. ఆ జవాబులను ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. గంటసేపు కూర్చుండలేని బిడ్డను మొదట పావుగంటకు రమ్మనవచ్చును. ఒక పెద్దమనిషి తోడు తప్పనిసరి యైనచో, ఆ తోడు దొరకిన దినముననే రమ్మనవచ్చును. శాలకు శక్తి చాలనప్పుడు ఆ సంగతి దాచక చెప్పి, ఏమి కూర్చుకొనిన చాలునో తల్లిదండ్రులతో కలిసి ఆలోచింపవలెను. రావద్దు అను మాటకును, ఇంతవరకు రమ్ము అను మాటకును మధ్య ఒక బిడ్డ బాల్యమంత దూరము కలదు.

రెండవది స్థలము. రాంగోపాల్‌పేట వంటి పేటలో మేడమీది గది తక్కువ అద్దెకు దొరకును. కాని మెట్లే మొదటి పరీక్ష యగును. చిన్నదైనను నేలమట్టపు గది మేలు. గడప యున్నచో ఏటవాలు దారి వేయవలెను. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు చొప్పున వేసినచో చక్రాల కుర్చీ సులువుగా ఎక్కును. ద్వారము మూడడుగుల వెడల్పు ఉండవలెను. బల్లల క్రింద మోకాళ్ళు దూరునంత ఖాళీ ఉండవలెను. నేలపై చాపలు వేసికొని కూర్చుండువారికి చాపలు. ఒక మూలను నిశ్శబ్దముగా వదలివేయవలెను. సందడికి తాళలేని బిడ్డ కొంతసేపు అచ్చట కూర్చుండి, మనసు కుదుటబడిన పిమ్మట తిరిగి వచ్చును. బాలికలకు ప్రత్యేకముగా మరుగుదొడ్డి, చీకటి పడకముందే ముగియు వేళ, ఈ రెండును లేనిచో సగము వాకిలి మూసినట్లే.

మూడవది సామగ్రి. ఇందులకు ధనము చాలదని వెనుదీయ నక్కరలేదు. దుకాణములలో అట్టపెట్టెలు రోజూ పారవేయుదురు, అవియే చిత్రఫలకములు. జనరల్ బజార్ దర్జీల వద్ద గుడ్డపీలికలు, రాణీగంజ్ కొట్లలో మొండి తీగలు, చక్కపొట్టు, కొద్దిగా అడిగినచో ఇత్తురు. తీగల మొనలను మాత్రము ముందుగా వంచి, నూరి, పిల్లల చేతికి ఇయ్యవలెను. బొగ్గు, ఎర్రమన్ను, సుద్ద, పసుపు ఏ యింటనైనను దొరకును. కాగితముపై పసుపు పూసి, వంటసోడా కలిపిన నీటితో దానిపై గీసినచో ఎర్రని గీత వచ్చును. ఈ వింతను చూచి నవ్వని బిడ్డ అరుదు. మైదాపిండి ఉడికించిన జిగురు అంటించుటకు పనికివచ్చును. అంగడి రంగులు కొనునపుడు అవి పిల్లలకు హాని చేయనివని పెట్టెపై వ్రాసియున్నవానినే కొనవలెను. గోడలకు, తలుపులకు వేయు రంగులు పిల్లల చేతికి తగవు.

నాలుగవది, ఒక్కొక్క బిడ్డకు కావలసిన చిన్న చిన్న మార్పులు. చూపు లేని బిడ్డకు అంచులు గల పళ్ళెములో సామగ్రిని ప్రతిదినము ఒకే వరుసలో అమర్చి ఇయ్యవలెను. గీతకు బదులు జిగురులో ముంచిన నూలుదారమును కాగితముపై పరచినచో, ఆరిన పిమ్మట ఆ గీత వ్రేళ్ళకు కనబడును. బంకమన్ను ఆ బిడ్డకు అన్నింటికంటె ప్రియమైన చదువు. వినికిడి లేని బిడ్డ ముందు ఉపాధ్యాయుడు వెలుతురు తన మొగముమీద పడునట్లు నిలుచుండి, చేసి చూపవలెను. కిటికీకి వీపు పెట్టి మాటలాడినచో ఆ బిడ్డకు నీడయే కనబడును. తోటి పిల్లలు పది సైగలు నేర్చినచో ఆ బిడ్డ ఒంటరితనము సగము తీరును. చేతిలో పట్టు లేని బిడ్డకు కుంచె పిడికి గుడ్డపీలిక చుట్టి లావు చేసి, కాగితమును బల్లకు అంటించి ఇచ్చిన చాలును. ఆటిజం గల బిడ్డకు ఆనాడు జరుగబోవు పనులను వరుసగా బొమ్మలలో ముందే చూపవలెను. మట్టిని తాకుటకు వెరచు బిడ్డను బలవంతపెట్టరాదు. ఒక పుల్ల ఇచ్చినచో దానితో తాకును. కొన్నాళ్ళకు వ్రేలితో తాకవచ్చును, తాకకపోవచ్చును. ఈ మార్పులలో ఒక్కటియు ఖరీదైనది కాదు. అన్నింటికిని కావలసినది గమనించు కన్ను.

మూర్ఛ వచ్చు బిడ్డలను గూర్చి ఒక మాట పల్లెలలోను, పేటలలోను తెలిసి యుండవలెను. మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళపుచెవులు పెట్టుట, నోటిలో గరిటె పెట్టుట వలన మేలు లేదు, కీడు కలుగును. బిడ్డను ప్రక్కకు ఒత్తిగిల బరుండబెట్టి, తలక్రింద మెత్తని గుడ్డ నుంచి, చుట్టునున్న వస్తువులను తొలగించి, కాలము చూచుకొనవలెను. అయిదు నిమిషములు దాటినచో వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. పిల్లలలో ఒకనికి మూర్ఛ వచ్చునను కారణము అతనిని ఇంటికి పంపుటకు చాలదు.

అయిదవది ఉపాధ్యాయుడు. అతడు గొప్ప చిత్రకారుడు కానక్కరలేదు. పిల్లవాని బొమ్మమీద తన చేతితో దిద్దకుండుట అతనికి మొదటి నియమము. దిద్దిన క్షణముననే ఆ బొమ్మ పిల్లవానిది కాకపోవును. చూపవలసినది వేరొక కాగితముపై చూపవలెను. ఏనుగునకు ఆరు కాళ్ళు వేసిన బిడ్డను చూచి నవ్వక, ఇది ఎచ్చటికి పోవుచున్నదని అడిగినచో, అది పరుగెత్తుచున్నదని బిడ్డ చెప్పవచ్చును. పండ్రెండు, పదునైదుగురు పిల్లలకు ఇద్దరు పెద్దవారైనను ఉండుట మంచిది. పిల్లలతో ఏ పెద్దవాడును మూసిన తలుపు వెనుక ఒంటరిగా ఉండరాదు. బాలలను లైంగిక హింస నుండి కాపాడుటకు 2012లో చట్టము వచ్చినది. మాట చెప్పలేని బిడ్డల విషయమున ఈ జాగ్రత్త రెట్టింపుగా ఉండవలెను. తల్లిదండ్రుల అనుమతి లేనిదే పిల్లల ఫొటోలు ఎవరికిని పంపరాదు.

ఇచ్చట తల్లిదండ్రులు ఒక ఆక్షేపణ తెత్తురు. అట్టి పిల్లల నడుమ కూర్చుండినచో మా బిడ్డ వెనుకబడడా అని అడుగుదురు. ఆ ప్రశ్నను కోపముతో త్రోసివేయరాదు. అది భయము నుండి పుట్టినది. శాలకు పిలిచి ఒక పూట కూర్చుండబెట్టినచో జవాబు కన్నులకు కనబడును. చూపు లేని తోటివానికి రంగుల పేర్లు చెప్పవలసిన బిడ్డ, ఎరుపు ఎట్లుండునో మాటలలో చెప్పుటకు తంటాలు పడును. ఎండవలెనా, మిరపకాయ వలెనా అని ఆలోచించును. ఆ యాలోచనయే అతనికి చిత్రకళలో పాఠము. వెనుకబడుట అటుంచి, తానును చూడనేర్చును.

ఆరవది ధనము. ఇయ్యగలవారి వద్ద రుసుము తీసికొని, ఇయ్యలేనివారి వద్ద మానుకొనవచ్చును. కాని ఎవరు ఇచ్చిరో, ఎవరు ఇయ్యలేదో పిల్లలకు తెలియరాదు. జమాఖర్చులను ఏటేట తల్లిదండ్రుల ముందు చదువవలెను. దాతలు వచ్చినపుడు వైకల్యము గల పిల్లలను ముందు వరుసలో నిలిపి జాలి పుట్టించి ధనము అడుగుట తగదు. జాలితో వచ్చిన ధనము జాలి తీరిన తోడనే నిలిచిపోవును. బిడ్డకు మాత్రము అవమానము నిలిచియుండును. ప్రదర్శన పెట్టినపుడు ప్రతి బిడ్డ వేసిన బొమ్మ ఒకటి తప్పక ఉండవలెను. క్రింద పేరు, వయస్సు ఉన్న చాలును, వైకల్యము పేరు వ్రాయరాదు. ప్రథమ, ద్వితీయ బహుమతులు ఈ శాలకు పనికిరావు. ఆషాఢమాసమున బోనాల పండుగ ముందు పిల్లలందరును కలిసి కుండలకు పసుపు కుంకుమల రంగులు దిద్దినచో, ఆ పేట తన పండుగలోనే ఆ పిల్లలను చూచును. బోనాల పండుగ లేని ఇండ్ల పిల్లలు తమకు నచ్చిన లతలను దిద్దుదురు.

చివరిది, పదునైదేండ్లు దాటినవారి విషయము. పసితనమున ముద్దుచేసిన వారే, మీసము మొలచిన పిమ్మట దూరము జరుగుదురు. యౌవనమున అడుగిడిన వైకల్యము గల పిల్లలకు ఎచ్చటను చోటు దొరకక, పది ఏండ్లలో నేర్చినది రెండేండ్లలో పోవును. కనుక శాల వారిని వయస్సు మీరినదని పంపివేయరాదు. చేర్యాల నకాషీ పటములు, కొండపల్లి బొమ్మలు, గుడ్డపై అచ్చులు, అక్షరములు వ్రాయు పని, ఇవి చేతిపనులుగా నేర్పదగినవి. చేర్యాల పనిలో గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పూయుట, ఎండబెట్టుట, రూపురేఖలు గీయుట, రంగులు నింపుట అను మెట్లు వేరువేరుగా ఉన్నవి. ఒక్కొక్కరు ఒక్కొక్క మెట్టు వద్ద నైపుణ్యము సంపాదించవచ్చును. వారు చేసినది అమ్మినచో ధనము వారికే చెందవలెను. దీని వలన అందరికిని జీవనోపాధి దొరకునని ఆశ పెట్టరాదు. కొందరికి దొరకును, కొందరికి దొరకదు. దొరకనివారికిని సాయంకాలము నాలుగు గంటలకు పోదగిన చోటు ఒకటి ఉండును. అది తక్కువ సంగతి కాదు.

సోదరీసోదరులారా! నగరపు పేటకు చెప్పిన మాట పల్లెకు వర్తించదని ఎవరును అనుకొనవలదు. పండుగనాడు కూడ వీధిలోనికి రాని బిడ్డ ప్రతి పల్లెలోను ఒకరిద్దరుందురు. ఊరివారికి వారి పేరు తెలియును. కాని వారిని పిలిచినవారు ఉండరు. పల్లెలో నేలమట్టపు అరుగు ఉన్నది, మట్టి ఉన్నది, బొగ్గు ఉన్నది, కుమ్మరి ఉన్నాడు, ముగ్గులు వేయు అమ్మలు ఉన్నారు. వారికంటె వేరుగా చిత్రకళా గురువులను వెదకనక్కరలేదు. గ్రంథాలయము ఆదివారము రెండు గంటలు తన వసారాను ఇచ్చినచో, ఒక చాప, ఒక పళ్ళెము మట్టి, నాలుగు రంగులు ఉన్న చాలును. మొదటి ఆదివారము ఆ ఇంటికి పోయి ఆ బిడ్డ తల్లితో, ఎంతసేపు కూర్చుండగలడమ్మా అని అడిగిననాడే శాల తెరచినట్లు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము వాకిట ఎవరిని పరీక్షింపలేదు. ఇరువదియారవ ఏట ఆ వాకిలి ఇంకొంచెము వెడల్పగుగాక! స్వర్ణోత్సవము నాడు ఈ గోడలపై వ్రేలాడు బొమ్మలలో, ఈనాడు ఇంటిలోనే ఉండిపోయిన బిడ్డ వేసిన బొమ్మయు ఒకటి ఉండుగాక!